వెనిస్‌లో కొత్తజంటకు విడిది

పెళ్ళివారికి విడిది చూడడం మన ఇళ్ళలో పెద్దల పని. ఆ ఇల్లు కల్యాణమండపానికి ఎంత దూరం, నీటి వసతి ఎలా ఉన్నది, వృద్ధులు మెట్లు ఎక్కవలసి వస్తుందా, తెల్లవారుజామున కాఫీ అందుతుందా అని పదిసార్లు విచారించిన తరువాతగాని అడ్వాన్సు చేతిలో పెట్టరు. అదే శ్రద్ధ, పెళ్ళయిన జంట దేశాంతరంలో దిగబోయే హోటలు విషయంలో కనబడదు. నక్షత్రాల సంఖ్య, గది ఫోటో, రాత్రికి అద్దె – ఈ మూడే చూసి నిర్ణయం జరిగిపోతుంది. చాలా నగరాలలో దీనివలన వచ్చే నష్టం స్వల్పమే. టాక్సీ ఎక్కితే హోటలు గుమ్మం ముందు దిగవచ్చు. ఇటలీలోని వెనిస్ నగరం సంగతి వేరు. అక్కడ దిగిన చోటును బట్టే ఆ నగరం మనకు దక్కడమో, దక్కకపోవడమో జరుగుతుంది.

మా అమ్మాయి వివాహం 2025 మాఘమాసంలో జరిగింది. దంపతులిద్దరూ ఉద్యోగస్తులే. హనీమూన్‌కు వెనిస్ వెళ్ళాలని నిశ్చయించుకుని, అందుకు కావలసిన సొమ్ము తామే విడిగా దాచుకున్నారు. "ఖర్చు మాది, నాన్నగారూ. మీరు ఆ ఊరు చూశారు కాబట్టి, ఏ పేటలో దిగితే బాగుంటుందో మాత్రం చెప్పండి" అని అమ్మాయి కోరింది. 2018 అక్టోబరు మొదట్లో సంస్థ పనిపై ఇటలీ వెళ్ళినప్పుడు నేను రెండు రోజులు ఆ నగరం చూసి ఉన్నాను. అప్పటి పరిచయానికి తోడు, పటాలు, పట్టికలు ముందు పెట్టుకుని సేకరించిన విషయాలు మన సంస్థ కుటుంబాలలోని ఇతర జంటలకు కూడా ఉపకరించగలవని ఇక్కడ వ్రాస్తున్నాను.

చక్రం తిరగని నగరం

వెనిస్ ఒక ఉప్పునీటి కయ్యలో, నూటికి పైబడిన చిన్న దీవుల సముదాయంపై వెలసిన నగరం. దీవులను కలిపే వంతెనలు 400లకు పైగా ఉన్నాయి. 1846లో రైలు వంతెన, 1933లో దాని ప్రక్కనే రోడ్డు వంతెన నిర్మించేవరకు ప్రధాన భూభాగంతో నగరానికి సంబంధం పడవల ద్వారానే ఉండేది. నేటికీ రోడ్డు వాహనాలన్నీ పియాజ్జాలె రోమా అనే కూడలి వద్ద ఆగిపోవలసిందే. అక్కడినుండి కాలినడక, లేదా పడవ. సైకిలు కూడా కనబడదు.

మన నిర్మాణశాఖ మిత్రులకు ఆసక్తి కలిగించే విషయం పునాదులు. మెత్తటి బురదలో లక్షలాది కొయ్య గుంజలు దిగగొట్టి, వాటిపై పలకలు పరచి, ఇస్ట్రియా ప్రాంతపు గట్టి సున్నపురాతితో వరుసలు కట్టి, ఆపైన ఇటుక గోడలు లేపారు. గాలి తగలని తడి బురదలో ఉన్నందువలన ఆ కొయ్య శతాబ్దాలు గడచినా భారం మోస్తూనే ఉన్నది. ఇస్ట్రియా రాయి నీటి తేమను పైకి త్వరగా ప్రాకనివ్వదు. అయినా ఉప్పుతేమ ఇటుకలోకి ఎక్కుతూనే ఉంటుంది. క్రింది అంతస్తు గదులలో చెమ్మ వాసన ఉండడానికి కారణం ఇదే. పురాతన భవనాల రక్షణ నిబంధనల వలన చాలా హోటళ్ళలో లిఫ్టు అమర్చడానికి వీలు లేదు. హోటలు పత్రంలో "చారిత్రక భవనం" అన్న మాట కనబడితే, ఆ గౌరవంతోపాటు ఇరుకు మెట్లను కూడా ఊహించుకోవాలి.

ప్రతి వంతెన ఒక చిన్న మెట్ల దారి. ఎక్కడానికి కొన్ని మెట్లు, దిగడానికి కొన్ని మెట్లు. మా శ్రీమతి సర్దిన కందిపొడి, కారప్పొడి, ఆవకాయలతో 23 కిలోలు తూగే పెట్టెను చేత పట్టుకుని నాలుగు వంతెనలు దాటడమంటే ఏమిటో ఆలోచించండి. అందువలన హోటలును పరిశీలించేటప్పుడు మొదట చూడవలసినది నక్షత్రాలు కావు. పడవ దిగే రేవుకు, హోటలు గుమ్మానికి మధ్య వంతెనలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. సున్నా ఉత్తమం, ఒకటి మధ్యమం. మూడు దాటితే మరొక హోటలు చూసుకోవడం మంచిది.

చిరునామాను నమ్ముకోవడానికి లేదు. అక్కడ ఇంటి నంబర్లు వీధివారీగా కాక పేట మొత్తానికి వరుసగా వేలల్లో సాగుతాయి. పేట పేరు, నాలుగంకెల నంబరు మాత్రమే చేతిలో ఉంటే, అర్ధరాత్రి ఆ సందులలో ఇల్లు దొరకడం కష్టం. వీధి పేరు, దగ్గరి పడవ రేవు పేరు హోటలు వారినే అడిగి వ్రాసుకోవాలి.

ఒడ్డున ఉన్న చవక గది

మా వియ్యంకుల అభిప్రాయం వేరుగా ఉండేది. "బావగారూ, పిల్లలు జీవితంలో ఒక్కసారి వెళ్తున్నారు. అదే సొమ్ముకు మెస్ట్రేలో నాలుగు నక్షత్రాల హోటలు, పెద్ద గది, లిఫ్టు, అయిదు రాత్రులు వస్తున్నాయి. దీవిలో అగ్గిపెట్టెంత గదిలో మూడు రాత్రులు దేనికి?" అని ఆయన ప్రశ్న. మెస్ట్రే ప్రధాన భూభాగంపై ఉన్న పట్టణం. వెనిస్‌కు రైలులో సుమారు పది నిమిషాల ప్రయాణం. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. వృద్ధులైన తల్లిదండ్రులతోనో, చంటిపిల్లలతోనో వెళ్ళేవారికి నేనూ మెస్ట్రేనే సూచిస్తాను.

అయితే 2018లో నా బస కూడా మెస్ట్రేలోనే. ఉదయం తొమ్మిది గంటల రైలులో వెళ్ళాను. నాతోపాటు వేలమంది వచ్చారు. సాన్ మార్కో చౌకులో భుజం భుజం రాసుకుంటూ నడవవలసి వచ్చింది. రియాల్టో వంతెన మీద నిలబడి ఫోటో తీయడానికి సందు దొరకలేదు. సాయంకాలం ఆరు దాటాక క్రమంగా జనం స్టేషన్ వైపు తరలిపోసాగారు. ఏడున్నరకు అదే చౌకులో పావురాలు, దీపాలు, కొద్దిమంది స్థానికులు మాత్రమే మిగిలారు. సందులో ఎవరో నడిచి వెళుతుంటే బూట్ల చప్పుడు, పడవ తాళ్ళు లాగుతుంటే కొయ్య కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. నగరం అప్పుడే మొదలవుతున్నట్లు తోచింది. నాకు మాత్రం రైలు వేళ అయింది.

పగటిపూట వెనిస్ యాత్రికులది. తెల్లవారుజాము, రాత్రి మాత్రమే అక్కడ పడుకున్నవారివి. స్టేషన్ నుండి సాన్ మార్కోకు పడవలోనైనా, నడకలోనైనా అరగంటకు పైగా పడుతుంది. కాబట్టి మెస్ట్రేలో బస చేసే జంటకు ఆ రెండు వేళలూ ప్రయాణంలో పోతాయి. కొత్తగా పెళ్ళయిన ఇద్దరికి కావలసినవి సరిగ్గా ఆ వేళలే.

ముహూర్తము, ఆటుపోటు

మన వివాహాలు మాసాన్ని బట్టి జరుగుతాయి. వెనిస్ హోటళ్ళ అద్దెలు, నీటి మట్టాలు కూడా మాసాన్ని బట్టి మారుతాయి. ఈ రెంటినీ కలిపి చూసుకోవాలి.

కార్తీక, మార్గశిర మాసాలలో వివాహమైన వారికి అద్దెలు కొంత తగ్గి కనబడతాయి. కాని అక్టోబరు నుండి జనవరి వరకు సముద్రపు పోటు నగరంలోకి వచ్చే కాలం. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్ల మట్టానికి, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లకు చేరింది. ఈ విపత్తును అరికట్టడానికి కయ్యలోకి సముద్రం ప్రవేశించే మూడు ముఖద్వారాల వద్ద 78 ఉక్కు తలుపులతో మోసె అనే వ్యవస్థను నిర్మించారు. తలుపులు మామూలుగా నీటితో నిండి అడుగున పడుకుని ఉంటాయి. ఒత్తిడి గాలిని పంపి లోపలి నీటిని వెళ్ళగొడితే తేలి లేచి సముద్రానికి అడ్డుగా నిలుస్తాయి. 2020 అక్టోబరు 3న మొదటిసారిగా అసలైన పోటును అవి ఆపాయి. పోటు ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లకు చేరగలదని అంచనా వేసినప్పుడు వాటిని లేపుతారు. సాన్ మార్కో చౌకు అంతకంటె పల్లంలో ఉన్నది కనుక చిన్న పోట్లకు అక్కడ నీరు నిలవడం నేటికీ ఉన్నది. ఆ మాసాలలో వెళ్ళేవారు చౌకుకు ఆనుకుని ఉన్న హోటలును, అందులోనూ క్రింది అంతస్తు గదిని తీసుకోకపోవడం మేలు.

మాఘమాసంలో పెళ్ళిళ్ళు జరిగే రోజులలోనే తరచు వెనిస్‌లో కార్నివాల్ ఉత్సవం వస్తుంది. ముసుగులు, వేషాలు చూడముచ్చటగా ఉంటాయి. అద్దెలు మాత్రం ఆకాశానికి అంటుతాయి. ఉత్సవం ముగిసిన వారంలోనే దిగివస్తాయి. వైశాఖ, జ్యేష్ఠ మాసాలకు అక్కడ వసంతం. వాతావరణం బాగుంటుంది, జనం విపరీతం. శ్రావణమాసపు జంటలకు ఎండ, ఉక్క, దోమలు తప్పవు. గదిలో ఏసీ ఉన్నదో లేదో అడిగి తీరాలి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట లీడో దీవిలో 1932లో ప్రారంభమైన చలనచిత్రోత్సవం వలన మళ్ళీ అద్దెలు పెరుగుతాయి.

మా పిల్లలు కార్నివాల్ ముగిసిన తరువాతి వారం, అనగా మార్చి రెండవ వారం ఎంచుకున్నారు.

ఆరు పేటలు

నగరం ఆరు పేటలుగా విభజింపబడి ఉన్నది. సాన్ మార్కో అన్నిటికంటె ప్రసిద్ధం, ఖరీదు, రద్దీ. సాంటా క్రోచే బస్సులు ఆగే కూడలికి దగ్గర. తెల్లవారుజామున విమానం పట్టుకోవలసిన వారికి అనుకూలం. సాన్ పోలోలో రియాల్టో కూరగాయల అంగళ్ళు, చేపల బజారు ఉన్నాయి. దోర్సోదురోలో విశ్వవిద్యాలయపు విద్యార్థుల సందడి, ప్రఖ్యాత చిత్రశాల, దక్షిణపు ఒడ్డున జాట్టెరె అనే పొడవైన నీటిగట్టు ఉన్నాయి. సాయంకాలపు షికారుకు అంతకంటె మంచి చోటు ఉండదు. కన్నారెజ్జో రైల్వేస్టేషన్ నుండి సామాను లాక్కుని వెళ్ళడానికి వీలైన పేట. యూదులను 1516లో ఒక దీవికి పరిమితం చేసిన స్థలం అక్కడే ఉన్నది. లోకమంతా వాడే "ఘెట్టో" అనే మాట ఆ స్థలం పేరే.

ఆరవది, అన్నిటికంటె పెద్దది కాస్తెల్లో. ప్రభుత్వరంగ సంస్థలో ముప్ఫయి ఏళ్ళు పనిచేసిన నాకు ఈ పేటపై ప్రత్యేకమైన మమకారం కలిగింది. వెనిస్ గణతంత్రపు నౌకాయుద్ధాగారం, ఆర్సెనాలె, ఇక్కడే ఉన్నది. అది అక్షరాలా ప్రభుత్వరంగ కర్మాగారం. కలప, తాడు, తెరచాప, ఫిరంగి అన్నీ ఒకే ప్రాకారం లోపల తయారయ్యేవి. పదహారవ శతాబ్దంలో తిరిగి కట్టిన తాళ్ళ షెడ్డు పొడవు సుమారు 316 మీటర్లు. కార్మికులు గోడ వెలుపలి సందులలోనే కాపురం ఉండేవారు. మన టౌన్‌షిప్ వంటిదే అనుకోండి. ఉదయం పనికి పిలవడానికి, సాయంకాలం విడిచిపెట్టడానికి సాన్ మార్కో గంటస్తంభంలోని మరంగోనా అనే పెద్ద గంట మ్రోగేది. 1902లో ఆ స్తంభం కూలిపోయినప్పుడు పగలకుండా మిగిలిన గంట అదొక్కటే. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథం ఈ కర్మాగారపు ప్రస్తావనతోనే ఆరంభమవుతుంది. పదార్థాల బలాన్ని గురించిన శాస్త్రానికి అది మొదటి మెట్టు.

ఇప్పుడు ఆ పేటలో పిల్లలు బంతి ఆడే చౌకులు, బట్టలు ఆరవేసిన తాళ్ళు, కిరాణా కొట్లు ఇంకా కనబడతాయి. ఈ "ఇంకా" అన్న మాటకు అక్కడ బరువున్నది. 1951లో దీవి నగరంలో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటె దిగువకు పడిపోయింది. రియాల్టో సమీపంలోని ఒక మందుల షాపు అద్దంలో మిగిలిన జనాభాను అంకెలతో చూపే పలక 2008 నుండి ఉన్నది. ఇళ్ళు యాత్రికుల అద్దె గదులుగా మారిపోవడం దీనికి ముఖ్యకారణాలలో ఒకటి. కొత్త కాపురం పెట్టబోయే జంట, మరొకరి కాపురం ఖాళీ చేయించిన ఇంట్లో దిగకుండా, హోటలుగా నడుస్తున్న హోటలులోనే దిగాలని మా అల్లుడు అభిప్రాయపడ్డాడు. ఆ మాట నాకు నచ్చింది. అద్దె గదులకైనా, హోటళ్ళకైనా 2025 జనవరి 1 నుండి జాతీయ గుర్తింపు సంఖ్యను ప్రకటనలో చూపడం ఇటలీలో తప్పనిసరి. ఆ సంఖ్య కనబడని చోట సొమ్ము కట్టకపోవడం క్షేమం.

గది, పత్రాలు, పన్నులు

గదిని కోరేటప్పుడు ఒక చిన్న మాట గుర్తుంచుకోవాలి. ఇటలీలో "దోప్పియా" అంటే సాధారణంగా రెండు వేరువేరు మంచాల గది. ఒకే పెద్ద మంచం కావాలంటే "మాత్రిమోనియాలె" అని అడగాలి. ఆ మాటకు అర్థం వైవాహికమైనది అని. హనీమూన్ వెళ్ళినవారికి ఈ తేడా చిన్నది కాదు!

కాలువ వైపు కిటికీకి అదనపు అద్దె ఉంటుంది. కాలువే అక్కడి రహదారి కనుక, పాల పడవ, సరుకుల పడవ, చెత్త పడవ అన్నీ తెల్లవారగానే ఆ కిటికీ క్రిందనే మోటారు చప్పుడుతో వెళతాయి. లోపలి పెరటి వైపు గది చవక, నిశ్శబ్దం. లిఫ్టు లేకపోతే రెండవ అంతస్తుకు మించి తీసుకోనక్కరలేదు.

షెంగెన్ వీసాకు బస వివరాలు చూపవలసి ఉంటుంది కాబట్టి, రుసుము లేకుండా రద్దు చేసుకునే వీలున్న బుకింగే చేయాలి. పెళ్ళయిన వెంటనే ఇంటిపేరు మార్చి హోటలు బుక్ చేయరాదు. పాస్‌పోర్టులో ఏ పేరున్నదో ఆ పేరే ఇవ్వాలి. బస చేసిన ప్రతి ఒక్కరి వివరాలను హోటలువారు పోలీసులకు పంపవలసిన చట్టం అక్కడ ఉన్నందున, ఇద్దరి పాస్‌పోర్టులూ చూపమంటారు. కంగారుపడనక్కరలేదు. నెయ్యి, పాలతో చేసిన పదార్థాలు వెంట తీసుకుని వెళ్ళడానికి ఐరోపా నిబంధనలు ఒప్పుకోవు.

హోటలు అద్దెకు తోడు, 2011 నుండి మనిషికి, రాత్రికి ఇంత అని నగర పన్ను కూడా ఉన్నది. హోటలు తరగతిని బట్టి అది మారుతుంది. 2024లో, రాత్రి బస చేయకుండా పగలు వచ్చిపోయే వారిపై ఎంపిక చేసిన 29 రోజులలో 5 యూరోల ప్రవేశ రుసుము విధించారు. 2025లో ఆ రోజులు 54కు పెరిగాయి. హోటలులో బస చేసేవారికి ఆ రుసుము లేదు. అయినా మినహాయింపును ముందుగా నమోదు చేసుకోవాలి. పడవ టికెట్టు 75 నిమిషాలకు 9.50 యూరోలు. ఇద్దరు రోజుకు రెండేసి సార్లు ఎక్కితే 38 యూరోలు అవుతుంది. నడిచి తిరగగల చోట హోటలు ఉంటే ఈ ఖర్చులో అధికభాగం మిగిలిపోతుంది. గొండోలా పడవకు 2023 నవంబరులో నిర్ణయించిన ధర పగటిపూట అరగంటకు 90 యూరోలు. అది పడవకు కాని, మనిషికి కాదు.

నిర్ణయం

ఈ వివరాలన్నీ రెండు పుటలలో వ్రాసి పిల్లల చేతిలో పెట్టాను. ఏ హోటలు అన్నది చెప్పలేదు. మా వియ్యంకులు మాత్రం మెస్ట్రే మాట విడువలేదు. అవసరమైతే తేడా సొమ్ము తానే ఇస్తానని కూడా అన్నారు. ఆ మాట వెనుక ఉన్నది ఆయన ప్రేమే. కాని దానికి ఒప్పుకుంటే ఆ జంట తమకు తాముగా చేసుకున్న మొదటి ఏర్పాటు పెద్దల ఏర్పాటుగా మారిపోతుంది. ఎవరు ఎలా చెబుతారా అని నేను లోలోపల కొంత ఆందోళన చెందాను.

అమ్మాయి ఒక కాగితం తీసుకుని వెళ్ళి ఆయన ప్రక్కన కూర్చున్నది. ఒకవైపు మెస్ట్రేలో అయిదు రాత్రులు, మరొకవైపు దీవిలో మూడు రాత్రులు. ప్రతి దానిలోను జనం లేని వేళ నగరంలో ఎన్ని గంటలు దక్కుతాయో లెక్క వేసింది. "రాత్రికి ఎంత అని కాదు, మామయ్యగారూ, ఒక తెల్లవారుజాముకు ఎంత పడుతుందని చూశాం. అలా చూస్తే దీవే చవక" అన్నది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "సరేనమ్మా. అయితే నా తరఫున ఆ గొండోలా ఒక్కటి ఉంచండి" అన్నారు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కాస్తెల్లోలో, ఆర్సెనాలె రేవుకు ఒక్క వంతెన దూరంలో, రెండవ అంతస్తులో, పెరటి వైపు గది తీసుకున్నారు. లిఫ్టు లేదు. ఒక పెట్టె మూస్తేగాని రెండవది తెరవడానికి చోటు లేదట. మూడు ఉదయాలూ ఆరు గంటలకే లేచి నీటిగట్టు వెంట సాన్ మార్కో వరకు నడిచి, ఊడ్చేవారు, రొట్టెల బండివారు తప్ప మరెవరూ లేని చౌకు చూసి వచ్చామని అమ్మాయి ఫోనులో చెప్పింది. మూడవ రోజు కాఫీ అంగడి అతను వీరిని చూడగానే అడగకుండానే రెండు కప్పులు పెట్టాడట.

మన ఉద్యోగుల కుటుంబాల నుండి ఆ నగరానికి బయలుదేరబోయే జంటలకు నా మనవి ఒక్కటే. గది ఫోటోను చివర చూడండి. ముందు పటం విప్పి, రేవు నుండి గుమ్మం వరకు వంతెనలు లెక్కపెట్టండి. పెద్దలు లెక్కలు అందించవచ్చు. ఎంపిక మాత్రం ఆ ఇద్దరికే వదిలివేయడం ఉచితం.